కోతి జ్వరం: ముప్పు ఎవరికి?

వానలు వెనుదిరిగి అడవిలో ఆకు రాలడం మొదలుకాగానే కర్ణాటకలోని మలనాడు గ్రామాలలో ఏటా ఒక భయం తలెత్తుతుంది. కన్నడిగులు ‘మంగన కాయిలె’ అనే ఆ కోతి జ్వరానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్యాసనూరు అటవీ వ్యాధి. 1957లో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చనిపోగా, పరిసర గ్రామాల ప్రజలు కూడా జ్వరాన పడ్డారు. దానికి మూలమైన వైరస్ అప్పుడే బయటపడింది.

పేరును బట్టి కోతులే జ్వరాన్ని అంటిస్తాయని అనుకోవడం పొరపాటు. అవీ బాధితులే. వైరస్‌ను మోసేవి అడవిలోని పిడుదులు. వీటినే కొన్నిచోట్ల గోమార్లంటారు. కోతి చనిపోయిన చోట రాలిపడిన పిడుదులు ఆ దారిన వచ్చిన మనిషిని పట్టుకుంటాయి. కంటికి సరిగా ఆనని వాటి పిల్లలు డిసెంబరు మొదలు మే వరకు విజృంభిస్తాయి. రోగి నుంచి మరొకరికి ఈ జ్వరం సోకదు. కావున రోగి ఇంటిని వెలివేయడం అజ్ఞానమే.

మరి ముప్పు ఎవరికి? వంటచెరకుకు, పశువుల కొట్టంలో పరచే ఎండుటాకులకు అడవిలోకి వెళ్ళేవారికి, పశువులను మేపేవారికి, అడవిని ఆనుకొన్న తోటలలో కూలి చేసేవారికి, అటవీ సిబ్బందికి. 2012లో చామరాజనగర జిల్లా బందీపూర్‌లో కోతుల కళేబరాలను ముట్టుకొన్న సిబ్బంది జబ్బుపడ్డారు. తరువాత కేరళలోని వయనాడులో ఆదివాసులు, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ్ జిల్లాలో జీడిమామిడి తోటలకు వెళ్ళేవారు దీని బారిన పడ్డారు. 2019 ఆరంభంలో సాగర తాలూకా అరళగోడు పరిసరాలు తల్లడిల్లాయి. ప్రాంతాలు వేరైనా బాధితులు ఒక కోవకు చెందినవారే. అడవికి పోకపోతే పూట గడవనివారే వీరిలో ఎక్కువ.

‘అడవికి పోవద్దు’ అనే హెచ్చరిక ఒక్కటే చాలదనడానికి కారణం ఇదే. పొయ్యిలోకి కట్టెలు, చేతికి కూలి వేరొక దారిన అందనిదే ఆ మాటను పాటించేదెవరు? వ్యాధి సోకినవారిలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు మరణిస్తున్నారు. ప్రత్యేకమైన మందు లేదు. దశాబ్దాలుగా వేసిన పాత టీకాను, తగినంత రక్షణ ఇవ్వడం లేదని తేలడంతో, 2022లో నిలిపివేశారు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి కొత్త టీకాకు పూనుకొన్నాయి. అది పల్లెకు చేరేదాకా జాగ్రత్తే రక్ష.

ఒంటికి పూసుకొనే డెపా నూనె జ్వరాలు మొదలైన తరువాత కాక, ఆకు రాలకముందే గ్రామాలకు అందాలి. చచ్చిన కోతి కనిపిస్తే ముట్టుకోక, వెంటనే ఆరోగ్య లేదా అటవీ సిబ్బందికి తెలపాలి. నిండుగా బట్టలు ధరించి వెళ్ళి, తిరిగి రాగానే వేడినీటితో స్నానం చేసి, బట్టలు ఉతుక్కోవాలి. హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తే తాను అడవికి వెళ్ళిన సంగతిని వైద్యునికి చెప్పాలి. కొందరిలో జ్వరం తగ్గి, ఒకటి రెండు వారాలకు తిరగబెట్టి మెదడుపై ప్రభావం చూపుతుంది, తగ్గిందని ఏమరరాదు.

మన సరిహద్దు జిల్లాల నుంచి ఆ తోటలకు కూలికి వెళ్ళేవారికి ఈ సంగతులు తెలుగులోనే చెప్పాలి. కన్నడ కరపత్రం చదవలేని కూలీకి పిడుదు కాటు ఎంత ప్రమాదమో తెలిసేది జ్వరం వచ్చాకనే. ఆ పరిస్థితి రాకుండా చూడవలసిన బాధ్యత వారిని పనికి పిలిచే తోట యజమానులది, జిల్లా ఆరోగ్యాధికారులది.