పదకొండో నంబరు

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే నెల్లూరు తీరాన అందరి నోటా ఒకటే ప్రశ్న: "కృష్ణపట్నం రేవులో ఎన్నో నంబరు ఎగరేశారు?" రేవు సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్నాయి. ఒకటీ రెండూ దూరపు హెచ్చరికలు. ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాదం. మరి ఆ పైన పదకొండెందుకు? ఇంకా పెద్ద గాలివాన అని కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి మాత్రం ప్రమాదం ఉందనే తలుస్తున్నారు అని దాని అర్థం. కబురు రాకపోవటాన్ని క్షేమం కింద జమకట్టలేదన్నమాట!

ఇంటికొక సాఫ్ట్‌వేరు ఉద్యోగి ఉన్న ఈ రోజుల్లో ఈ నీతి వాళ్ళకీ పనికివస్తుంది. పెద్ద ప్రోగ్రామును చాలామంది తలా ఒక చెయ్యి వేసి రాస్తారు. ఎవరు ఏ పంక్తి మార్చినా, మొత్తం మళ్ళీ కూర్చి, పరీక్షలు పెట్టి, ఫలితం రాసిపెట్టే గుమాస్తా యంత్రం ఒకటుంది. దాన్ని కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్ సర్వరంటారు. జపాను ఇంజనీరు కోసుకే కవాగుచి మొదలుపెట్టిన హడ్సన్ అటువంటిదే. 2011లో అది జెన్‌కిన్స్ అయింది. అందులో నెగ్గినదానికి గుర్తు మొదట్లో ఆకుపచ్చ కాదు, నీలం. జపానువారు దారిదీపాల్లోని పచ్చదీపాన్ని నీలమనే అంటారు మరి!

ఈ గుమాస్తాను మరో యంత్రం కూడా ఏపీఐ ద్వారా అడగవచ్చు. కిటుకంతా అడగటంలోనే ఉంది. "చివరి బిల్డు", "చివరిగా ముగిసిన బిల్డు", "చివరిగా నెగ్గిన బిల్డు" అని వేరువేరుగా అడగవచ్చు. మూడోది అడిగినవాడికి ఎప్పుడూ శుభవార్తే! నిన్నటి నుంచి ఇరవైసార్లు తప్పినా, మొన్న నెగ్గిన సంగతే చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. మొన్న సముద్రం ఎల్లా ఉందో అడిగి ఇవాళ పడవ దింపితే తప్పెవరిది?

ఇక పని నడుస్తూండగా చివరి బిల్డు సంగతి అడిగితే, ఫలితం గడిలో "నల్" అని ఉంటుంది. అంటే ఇంకా తేలలేదని. "తప్పిందని అనలేదు గదా" అని ముందుకు తోసేస్తే, పాడైన ప్రోగ్రాము ఏ బ్యాంకుకో, ఆస్పత్రికో చేరుతుంది.

అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే అయిన శ్రీహరికోటలో, 2001 మార్చి 28న మొదటి జీఎస్ఎల్వీ ఇంజన్లు వెలిగాయి. నేల విడిచే ముందు కంప్యూటరు పరీక్షించగా, ఒక పక్క ఇంజను తగినంత బలం చూపలేదు. మిగతావి బాగున్నాయి గదా అని అది సరిపెట్టుకోలేదు; అంతా ఆపేసింది. మూడు వారాలు పోయాక, ఏప్రిల్ 18న రాకెట్టు ఎగిరింది.

అంచేత, యంత్రాన్నైనా, పరీక్ష రాసివచ్చిన పిల్లవాణ్నైనా ఇవాళ్టి సంగతే అడగండి. జవాబు రాలేదా? పదకొండో నంబరు ఎగిరిందనుకోండి.