విశ్వకిరణాలూ, చక్రవడ్డీ లెక్కా

విశ్వకిరణాల గురించి తెలుగులో వచ్చే వ్యాసాలలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది. నక్షత్రాలు పేలినప్పుడు ఈ కణాలు మహావేగంతో అంతరిక్షంలోకి విసిరివేయబడతాయన్నది ఆ మాట సారాంశం. దానితో నాకు పేచీ ఉంది. అది పూర్తిగా అబద్ధమైతే ఎవరో ఒకరు ఈపాటికి దిద్దేవారు. సగం నిజం కావటం వల్లనే ఇన్నేళ్ళుగా నిలిచిపోయింది.

పేరు సంగతి వదిలేద్దాం. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూనులో 5 కిలోమీటర్లకు పైగా ఎక్కి, పైకి పోయేకొద్దీ వికిరణం పెరుగుతోందని గమనించాడు. ఇది గామా కిరణాల వంటిదేనని చాలామంది నమ్మిన రోజులవి. తరువాత అవి పదార్థ కణాలని, అత్యధిక భాగం ప్రోటాన్లని తేలినా "కిరణాలు" అన్న మాట ఉండిపోయింది. వాడుకలో స్థిరపడ్డ పేరును ఇప్పుడు మార్చమని నేననను.

కాని "విసిరివేయబడటం" లెక్కకు నిలవదు. చదువరులు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. పేలిన నక్షత్రపు పదార్థం సెకనుకు సుమారు 10,000 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తుందనుకుందాం. ఆ వేగంతో పోయే ప్రోటానుకు ఉండే శక్తి సుమారు 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. మన వాతావరణాన్ని తాకే విశ్వకిరణాలలో సాధారణమైన వాటికే 100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి, అంటే రెండు వేల రెట్లు. ఒకటి పక్కన 15 సున్నలు పెట్టవలసిన కణాలూ వస్తున్నాయి. పేలుడు తన వేగంతో వీటిని విసరలేదు.

మరి ఇంత శక్తి ఎక్కడిది? 1949లో ఎన్రికో ఫెర్మి ఒక మార్గం చూపాడు. గెలాక్సీలో అయస్కాంత క్షేత్రాలను మోస్తూ వాయుమేఘాలు తిరుగుతుంటాయి. కణం ఎదురొచ్చే మేఘానికి తగిలి వెనుదిరిగితే శక్తి పెరుగుతుంది, దూరమవుతున్న మేఘాన్ని వెంటాడి తగిలితే తరుగుతుంది. ఎదురుపడేవి కొంచెం ఎక్కువ కనుక మొత్తం మీద లాభమే. అయితే ఆ లాభం మరీ స్వల్పం. ఎంత కాలానికీ కూడదు.

1977-78లో క్రిమ్‌స్కీ, యాక్స్‌ఫర్డ్ బృందం, బెల్, బ్లాండ్‌ఫర్డ్-ఆస్ట్రైకర్ విడివిడిగా ఒకే సవరణకు చేరుకున్నారు. పేలుడుకు ముందు నడిచే షాక్ తరంగానికి రెండు పక్కలా ఉన్న వాయువులు ఒకదానికొకటి ఎదురొస్తున్నట్లే ఉంటాయి. కణం ఎటునుంచి ఎటు దాటినా ఎదురొచ్చే గోడే తగులుతుంది, నష్టం పద్దు లేదు. పైన చెప్పుకున్న వేగానికి ఒక్కొక్క రాకపోకకు సుమారు మూడు శాతం లాభం. మన పల్లెల్లో చక్రవడ్డీ దెబ్బ తెలియనివారు లేరు. నాలుగు వందల పైచిలుకు సార్లు అటూ ఇటూ దాటితే శక్తి పది లక్షల రెట్లవుతుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది దీని తరువాతి మెట్టు. ప్రతి రాకపోకలోనూ దాదాపు మూడు శాతం కణాలు తరంగం వెనుక కొట్టుకుపోతాయి, మళ్ళీ రావు. వడ్డీ రేటూ, రాలిపోయే రేటూ ఇంచుమించు సమానం. అందుచేత పది రెట్ల శక్తికి చేరేవి పదో వంతే. భూమి మీద కొలిస్తే తగ్గుదల ఇంకా వాలుగా ఉంటుంది. శక్తి ఎక్కువైన కణాలు గెలాక్సీ నుంచి త్వరగా జారిపోవటం దానికి కారణం. ఇంత చక్కని లెక్కను "విసిరివేత" అన్న ఒక్క మాట మింగేస్తోంది.

చోటు విషయంలోనూ తొందర కూడదు. విద్యుదావేశమున్న కణాల దారిని అయస్కాంత క్షేత్రాలు వంచేస్తాయి కనుక వచ్చిన దిక్కు పుట్టిన చోటును చెప్పదు. గామా కిరణాలు వంగవు. ఐసి 443, డబ్ల్యు 44 అనే రెండు నక్షత్ర శిథిలాలలో ప్రోటాన్లు శక్తి పుంజుకుంటున్న ఆనవాలును ఫెర్మి టెలిస్కోపు అలాగే పట్టింది. 2013లో ఆ ఫలితం వెలువడింది. అక్కడిదాకా పాత వాక్యం సగం నిజమే. 2021లో చైనాలోని లాసో పరిశోధనశాల అత్యధిక శక్తి గామా కిరణాల మూలాలు పన్నెండింటిని ప్రకటించింది. వాటిలో ఖాయంగా గుర్తుపట్టగలిగింది క్రాబ్ నెబ్యులా ఒక్కదానినే. మన ఊటీలో టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే గ్రేప్స్-3 ప్రయోగం కూడా 2024లో ఒక వార్త చెప్పింది. 166 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ప్రోటాన్ల తగ్గుదల కొంత నెమ్మదిస్తోందట. ఒకే యంత్రం, ఒకే వాలు అనుకున్న సులువైన బొమ్మకు ఇది ఇబ్బందే.

ఇంకా పైకి పోతే ఆ బొమ్మ బొత్తిగా పనికిరాదు. 8 పక్కన 18 సున్నల ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కణాలు మన గెలాక్సీ బయటినుంచి వస్తున్నాయని అర్జెంటీనాలోని పియర్ ఆజే పరిశోధనశాల 2017లో చూపింది. 2021 మే 27న అమెరికాలోని యూటా ఎడారిలో నమోదైన "అమతెరాసు" కణం శక్తి 24 పక్కన 19 సున్నలు. అంత శక్తిగల కణం దారి పెద్దగా వంగకూడదు. కాని వెనక్కి గీత గీస్తే అది పోయేది గెలాక్సీలు అరుదైన శూన్యప్రాంతం వైపు. "నక్షత్రం పేలింది" అని రాసే వ్యాసకర్త అక్కడ ఏ నక్షత్రాన్ని చూపిస్తాడు?