పడక పుండుకు వాక్యూమ్ యంత్రం: అప్పు చేసే ముందు

పక్షవాతంతోనో, తాటిచెట్టుపై నుండి పడి వెన్నెముక దెబ్బతినడం వల్లనో మంచం పట్టిన మనిషికి నడుము కింద పుండు పడి నెలల తరబడి మానకపోతే, "వాక్యూమ్ మెషీన్ పెట్టిద్దాం" అనే మాట ఇప్పుడు బీర్పూర్ వంటి ఊళ్ళలోనూ వినిపిస్తున్నది. మంచిదే. అయితే ఆ యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలియకుండా అప్పు చేయవద్దని నా మనవి.

ఇది నిన్న మొన్నటి పద్ధతి కాదు. అమెరికా వైద్యులు 1997లో ప్రచురించిన పరిశోధనలతో ప్రచారంలోకి వచ్చింది. పుండులో స్పాంజి అమర్చి, పైన గాలి చొరని పలుచని పొర అతికించి, గొట్టం ద్వారా పంపుతో సాధారణంగా 125 మిల్లీమీటర్ల పాదరసమంత రుణపీడనం కలిగిస్తారు. స్రావం బయటికి పోతుంది, వాపు తగ్గుతుంది, ఎర్రని కొత్త కండ ఎదుగుతుంది. లోతైన, శుభ్రపరచిన పుండుకు ఇది మంచి సాయమే. కాని ఇతర చికిత్సల కంటే దీనితోనే పడక పుండ్లు బాగా మానతాయని చెప్పడానికి తగినంత రుజువు లేదని 2023 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

అసలు ఆ పుండు పుట్టిందే ఒత్తిడి వల్ల. పంపు పైకి లాగుతున్నా, రోగి అదే పుండుమీద రోజంతా పడుకొని ఉంటే కొత్త కండకు రక్తం అందదు. సుమారు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. గాలి పరుపు వేసినా ఈ పని తప్పదు. మూత్రంతో తడిసిన బట్టను వెంటనే తీయాలి. గుడ్డు, పప్పు, పాలు బాగా పెట్టాలి. పుండు ఉన్నవారికి గుడ్డు పెట్టకూడదనే అపోహ ఇంకా ఎందరి ప్రాణాలు తోడేస్తుందో!

మరి ఇదంతా చేసేదెవరు? మా జగిత్యాల ప్రాంతంలో కొడుకులు గల్ఫ్‌లో ఉంటారు. వారు పంపిన డబ్బుతో యంత్రం వస్తుంది గాని, అర్ధరాత్రి లేచి తండ్రిని పక్కకు తిప్పే చేయి రాదు. ముసలి తల్లి, ఒంటరి కోడలు ఎన్ని రాత్రులు మేల్కొనగలరు? ఆ డబ్బులో మొదటి భాగం సాయానికి ఒక మనిషిని పెట్టుకోవడానికి ఖర్చు చేయాలని నా దృఢమైన అభిప్రాయం. ఇళ్ళకు వచ్చే 'ఆలన' ఉపశమన సేవల గురించి కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

రెండు మూడు రోజులకొకసారి డ్రెస్సింగ్ మార్చాలి. అందుకోసం రోగిని ఆటోలో కూర్చోబెట్టి జగిత్యాల దాకా తీసుకుపోతే, బరువంతా ఆ పుండుమీదనే పడుతుంది. పడుకోబెట్టి తీసుకువెళ్ళండి. కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోయి, రెండు గంటలకు మించి పంపు ఆగితే ఆ స్పాంజిని లోపల ఉంచకూడదు. దాన్ని తీసి మామూలు డ్రెస్సింగ్ ఎలా వేయాలో ముందే నేర్పమని నర్సును అడగండి. నల్లని చచ్చిన కండ ఉన్నా, ఎముకకు చీము పట్టి చికిత్స జరగకపోయినా, పుండులో క్యాన్సర్ ఉన్నా, రక్తనాళం బయటపడినా యంత్రం పెట్టరాదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. గొట్టంలో ఎర్రని రక్తం ధారగా కనబడితే యంత్రాన్ని ఆపి, పుండును అదిమి పట్టి, తక్షణమే 108కు ఫోన్ చేయండి.