తడి దాచని వర్తకం

మొన్న అసర్ నమాజు అనంతరం బోధన్ నుండి ఒక పెద్దాయన తమ కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చారు. ఆయన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారంలో పనిచేసినవారు. 1937లో స్థాపితమై, ఒకనాడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరొందిన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. నాటి నుండి ఆ ఇంటికి కుట్టు మిషనే ఆధారం. కుమారుడికి బ్రిటన్‌లో అంతర్జాతీయ వ్యాపారంలో ఎంబీఏ సీటు వచ్చింది. "మౌలానా సాబ్, బ్యాంకులో వడ్డీకి అప్పు తీసుకోవచ్చా? లేక ఉన్న ఇల్లు అమ్మేయమంటారా?" అన్నది తండ్రి ప్రశ్న.

ఇరవై ఏళ్ల క్రితం ఇటువంటి ప్రశ్నకే మేము తొందరపడి జవాబిచ్చాము. వడ్డీ నిషిద్ధమని ఒక్క మాట చెప్పి పంపివేశాము. మాట సత్యమే. కాని మరో దారి చూపలేదు. ఆ విద్యార్థి చదువు అక్కడితో ఆగిపోయింది. ఒక దారి కూడదన్నవారికి ఇంకొక దారి వెదికే బాధ్యత కూడా ఉంటుందని మాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. అందుకే ఈసారి కాగితం, కలం తీసుకొని వారితోపాటు కూర్చున్నాము.

దూరదేశ వర్తకం మన ధర్మానికి కొత్తది కాదు. ఖురైషీల శీతకాల, వేసవి ప్రయాణాల ప్రస్తావన ఖుర్ఆన్‌లోనే ఉంది. హజ్రత్ ఖదీజా (రజి) సరుకు తీసుకొని దైవప్రవక్త (సఅసం) షామ్ దేశానికి వెళ్లారు. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అప్పు పత్రం, సాక్షుల గురించినదే. సరుకు పత్రాలు, సుంకాలు, విదేశీ మారకం, ఒప్పందాలు నేర్పే చదువును తక్కువ చేసి చూడనక్కరలేదు.

ఇక దారులు. మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల రూపాయల వరకు ఉంటుంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు మించరాదు. అది రెండు విడతలుగా అందుతుంది. మొదటి విడత కూడా విద్యార్థి ఆ దేశం చేరిన తర్వాతే. కనుక ముందు ఖర్చుకు బంధువుల నుండి వడ్డీలేని అప్పు, అంటే ఖర్జె హసనా, కూర్చుకోవాలి. దాన్ని కూడా పత్రంపై రాసుకోవాలి.

రెండవది స్వదేశంలోనే ఉంది. అంతర్జాతీయ వ్యాపార విద్యకే పేరుపడ్డ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ 1963లో ఏర్పడింది. 2022 నుండి దానికి కాకినాడలోనూ ప్రాంగణం ఉంది. ఫీజు అక్కడా తక్కువేమీ కాదు. అయితే వీసా చింత, పరదేశ నివాస వ్యయం ఉండవు.

మూడవది మన గడప ముందే ఉంది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. 2022-23లో మన దేశం నుండి లక్షన్నర టన్నులకు పైగా పసుపు విదేశాలకు వెళ్లింది. బంగ్లాదేశ్, యుఎఇ, అమెరికా, మలేషియా ముఖ్యమైన కొనుగోలుదారులు. పరదేశంలో చదివినా, ఇక్కడే చదివినా, ఆ విద్యకు పని మన మార్కెట్ యార్డులోనే ఉంది.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే తడిసిన ధాన్యాన్ని అందరికీ కనబడేలా పైనే ఉంచవలసిందని ఆయన మందలించారు. పసుపు కొమ్ము ఎంత ఆరిందన్నదే నేటికీ ధరను నిర్ణయించే విషయాలలో ఒకటి. పట్టా ఏ దేశానిదైనా తడిని దాచని వర్తకుడిగా ఉండమని ఆ అబ్బాయికి చెప్పాము.

ఇల్లు అమ్మవద్దన్నాము. తండ్రి కళ్లు చెమర్చాయి. కుమారుడు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మర్నాడే మండల కార్యాలయానికి వెళ్లాడు. ఎంపిక అవుతాడో లేదో అల్లాహ్‌కే తెలుసు. పాఠకులారా, మీ బంధువర్గంలో ఇలాంటి పిల్లలుంటే, వారు వడ్డీ గడప తొక్కకముందే ఖర్జె హసనాతో ముందుకు రండి. కూడదని చెప్పే నోటికన్నా ఇచ్చే చేయి ముందుండే సౌభాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక, ఆమీన్.