వెంట తీసుకెళ్ళడం

ఈ వేసవి సంచిక పిల్లల పేజీల కోసం మార్చిలో ఒక చిన్న ప్రశ్న పంపాం. ‘మీకు బాగా గుర్తున్న ప్రయాణం ఏది? నాలుగు వాక్యాల్లో రాయండి.’ తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే అన్నాం. వచ్చిన కాగితాలన్నీ వంటింటి బల్ల మీద పరుచుకుని చదువుతుంటే మధ్యలో మా అమ్మాయిదీ కనిపించింది. సంపాదకురాలి కూతురిది అచ్చేస్తే బాగోదని పక్కన పెట్టేశాను గానీ, అందులో ఉన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ‘చినతాతయ్యతో లంకకి వెళ్ళాను. అరటి గెలలు లెక్క రాశాను. 212 గెలలు. ఒకటి అనకూడదు.’ అంతే, నాలుగు వాక్యాలూ అయిపోయాయి.

చదివి నవ్వుకున్నాను, కొంచెం ఉడుక్కున్నాను కూడా. ఎందుకంటే ఆ ప్రయాణానికి నేను వేసిన ప్రణాళికలో లంకా లేదు, అరటి గెలలూ లేవు.

2023 డిసెంబరు సెలవులకి మా పుట్టిల్లు తోట్లవల్లూరు వెళ్ళాం. పిల్లలు మళ్ళీ ఎప్పుడొస్తారో ఏమోనని, ఉన్న రెండు వారాల్లో పాత కృష్ణా జిల్లా మొత్తం చూపించెయ్యాలని డెట్రాయిట్ నుంచే పట్టిక తయారు చేసుకుని బయల్దేరాను. మొదటిరోజు బెజవాడ: దుర్గమ్మ కొండ, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం. రెండోరోజు కూచిపూడి, ఘంటసాల బౌద్ధ స్తూపం, శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు గుడి. మూడోరోజు మోపిదేవి, అవనిగడ్డ, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి. నాలుగోరోజు బందరు, మంగినపూడి బీచి, పెడనలో కలంకారీ అద్దకం. కారు మాట్లాడుకున్నాం, నీళ్ళ సీసాలు సర్దుకున్నాం. శ్రీకృష్ణదేవరాయలికి ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో కనిపించి చెప్పింది ఈ శ్రీకాకుళంలోనే అని చెప్పాను. ఘంటసాల వెంకటేశ్వరరావు గారి ఇంటిపేరు ఘంటసాలే గానీ ఆయన పుట్టింది ఇక్కడ కాదు, గుడివాడ దగ్గర చౌటపల్లిలో అని చెబుతూ వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్రపోతున్నారు. డ్రైవరు మాత్రం శ్రద్ధగా విన్నాడు.

ఐదోరోజు విశ్రాంతి అని రాసుకున్నాను. ఆ పొద్దున్నే మా బాబాయి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, “తోటలోకి కోతకి మనుషులొచ్చారమ్మాయ్. లెక్క రాసే కుర్రాడు జొరమొచ్చి పడుకున్నాడు. ఈ పిల్లకి అంకెలొచ్చా?” అన్నాడు. వాళ్ళ బళ్ళో గణితంలో దానిదే పైచెయ్యని నేను చెప్పబోయేలోపే, చిట్టా పుస్తకమూ పెన్నూ దాని చేతిలో పెట్టాడు. మా అబ్బాయి నేనో అన్నాడు. వాడికి టీ ఫ్లాస్కు అప్పజెప్పాడు.

మా ఊరివాళ్ళకి లంకలంటే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కృష్ణ తెచ్చిన ఒండ్రు మేట వేసి నది మధ్యలో ఏర్పడ్డ దిబ్బలవి. పాములలంక, తోడేళ్ళదిబ్బలంక, పొట్టిదిబ్బలంక, పేర్లు వింటేనే మొదట అక్కడ కాపురం పెట్టినవాళ్ళకి ఎదురైనవేవో తెలిసిపోతుంది. అరటి, పసుపు, కంద అక్కడ ఏపుగా పెరుగుతాయి. కరకట్ట దిగి ఇసుకలో కాసేపు నడిస్తే నది పాయ వస్తుంది. శీతాకాలం నీళ్ళు పలచబడితే అడ్డంగా మట్టి బాట వేసుకుంటారు. వరదొస్తే అది కొట్టుకుపోతుంది, అప్పుడిక పడవే దిక్కు. వరద తీశాక మళ్ళీ బాట వేసుకుంటారు. నా చిన్నప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

తోటలో ఒకాయన గెల కొడుతున్నాడు, ఇంకొకాయన భుజాన వేసుకుని వ్యాను దగ్గరికి మోస్తున్నాడు. గెల దించినప్పుడల్లా అంకె పైకి అరవడం, మా అమ్మాయి గీత పెట్టుకోవడం, ఇదీ పని. మొదటి గెల దించగానే ఆయన “లాభం” అని కేక పెట్టాడు. తర్వాత “రెండు”, “మూడు”. మా పిల్ల పెన్ను ఆపేసి, “చినతాతయ్యా, ఒకటి ఏదీ? ఒక గెల మిస్సయింది” అంది కంగారుగా. అందరూ నవ్వారు. బాబాయి దాని పక్కన గట్టు మీద కూర్చుని చెప్పాడు: “మొదటిదాన్ని ఒకటి అనకూడదమ్మా, లాభం అనాలి. ధాన్యం కొలిచినా అంతే, గెలలు లెక్కెట్టినా అంతే. చివరికి మిగులుతుందో లేదో మన చేతిలో లేదు. మొదలుపెట్టడం మాత్రం లాభంతోనే పెడతాం.”

మధ్యాహ్నానికి కోత అయింది. కొన్నాయన మనిషి లెక్క 209, మా అమ్మాయి లెక్క 212. ఆ మనిషి దాని పుస్తకం అడిగి తీసుకుని, నిలువు నాలుగు గీతలూ అడ్డం ఒక గీతా చొప్పున కట్టిన ఐదేసి కట్టలన్నీ వేలితో తడుముతూ రెండుసార్లు చూసి, “సరేలెండి, పిల్లదాని లెక్కే ఖాయం” అన్నాడు. ఆ రాత్రి బాబాయి దానికి యాభై రూపాయల నోటు కూలిగా ఇచ్చాడు. దాని కోటు మీద పడిన అరటి బంక మరక ఇవాళ్టికీ పోలేదు. వాడికేమో, ఫ్లాస్కు మూత పాయలో పడిపోతే మోకాలిలోతు నీళ్ళలో దిగి తానే తీసుకొచ్చానని ఇప్పటికీ గొప్ప.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, నేను నా చిన్నతనంలో చూసినవన్నీ ఇలా చూసినవే. మా ఇంట్లో ఎవరూ ఎక్కడికీ ‘ఊరికే’ వెళ్ళేవారు కాదు. పెళ్ళికో, పరామర్శకో, మొక్కుకో, డాక్టరు దగ్గరికో వెళ్ళేవారు. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరకు పర్మిట్ సంగతి కనుక్కోవడానికి నాన్న సైకిలు తీస్తే, ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకునేవారు. బారులు తీరిన చెరకు బళ్ళు, మడ్డి వాసన, ఆఫీసు కిటికీ దగ్గర గంటసేపు నిలబడటం. ఆ తర్వాత ఎరువుల కొట్టు, అమ్మ కళ్ళజోడు మరమ్మతు. దార్లో నాన్న నాతో మాట్లాడింది చాలా తక్కువ. రశీదు మాత్రం మడిచి నా చేతికిచ్చి “జాగర్త” అనేవారు. ఆ కాగితం చెమటకి తడిసిపోకుండా ఇల్లు చేర్చడమే నాకు ఆ రోజు ప్రపంచంలోకెల్లా పెద్ద పని. మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళకి వెళ్ళినా అంతే. మొక్కు అమ్మది, జీళ్ళు మావి.

అప్పుడు పెద్దవాళ్ళు మమ్మల్ని వెంట తీసుకెళ్ళారు. ఇప్పుడు మనం పిల్లల కోసం వెళుతున్నాం. మాట ఒక్కటే మారింది గానీ ప్రయాణమంతా దాంతోపాటే మారిపోయింది. వెంట వెళ్ళినవాడికి అక్కడ ఏదో ఒక పని తగులుతుంది, కనీసం సంచి పట్టుకోవడమైనా. కోసం వెళితే చూడ్డం తప్ప వాడికి పనేం లేదు. శనివారం ఈతకి, ఆదివారం సంగీతానికి, సెలవు దొరికితే పార్కుకి, మనం కారు నడుపుతాం, వాళ్ళు వెనక కూర్చుంటారు. అన్నీ వాళ్ళ కోసమే. తీరా వాళ్ళు ‘బోర్’ అంటే మనకి కోపం. పెళ్ళివారింట్లో మూడు రోజులు కుర్చీలోంచి లేవనివ్వకుండా మర్యాద చేస్తే మనకి మాత్రం విసుగు రాదూ?

ఇక్కడ కూడా నాకు ఈ సంగతి ఒకసారి తెలిసింది, అప్పుడు పట్టించుకోలేదు. 2023 వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు మిషిగన్ ఉత్తరాన స్లీపింగ్ బేర్ డ్యూన్స్‌కి వెళ్ళాం. పులిహోర, పెరుగన్నం, అమ్మ మోకాళ్ళకి నూనె, అన్నీ సర్దుకుని నాలుగైదు గంటల ప్రయాణం. జాతీయ ఉద్యానాల్లో పిల్లలకి ‘జూనియర్ రేంజర్’ అని ఒక చిన్న పుస్తకం ఇస్తారు. అందులో చెప్పిన పనులన్నీ పూర్తి చేసి, రేంజరు ముందు చెయ్యెత్తి ప్రమాణం చేస్తే బ్యాడ్జీ పెడతారు. మా అమ్మాయి ఆ పనిలో పడింది. అమ్మ మిషిగన్ సరస్సు ఒడ్డున నిలబడి, అటువైపు గట్టు కనపడకపోయేసరికి, ఒంగి పుడిసెడు నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకుంది. హంసలదీవిలో మాఘ పున్నమికి స్నానం చేసిన మనిషి. “ఇదేమిటే, ఉప్పగా లేదు!” అంది. సముద్రం కాదమ్మమ్మా, చెరువు అంది మనవరాలు. ఇంత చెరువుంటుందా అని అమ్మ నమ్మలేదు.

ఆ తర్వాత పుస్తకంలో ఉన్న కథని మా అమ్మాయి వచ్చీరాని తెలుగులో అమ్మకి చెప్పింది. అక్కడి ఆదివాసులైన అనిషినాబే వాళ్ళు చెప్పుకునే కథ అది. అవతలి ఒడ్డున అడవి అంటుకుంటే తల్లి ఎలుగుబంటి ఇద్దరు పిల్లలతో సరస్సు ఈదుకుంటూ బయల్దేరింది. తల్లి ఒడ్డు చేరింది, పిల్లలు చేరలేదు. వాళ్ళు రెండు ద్వీపాలయ్యారు. ఒడ్డున వాళ్ళకోసం చూస్తూ చూస్తూ తల్లి ఇసుక దిబ్బ అయిపోయింది. ‘అడవి అంటుకుంది’ అన్నదానికి మాట దొరక్క పిల్ల చేతులతో మంటలు చూపించింది. అమ్మ చాలాసేపు ఆ ద్వీపాల వైపే చూసి, “ఇంకా కూర్చునే ఉందా?” అంది. నేను ఫోటోలు తీస్తున్నాను. ఆ రోజు మా అమ్మాయి వాళ్ళమ్మమ్మకి దుబాసీ. బ్యాడ్జీ కన్నా ఆ ఉద్యోగమే దానికి నచ్చిందని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకొక్క మాట కూడా చెప్పకపోతే అన్యాయం. పొలం పని అందరు పిల్లలకీ సరదా కాదు. ఆ రోజు గెలలు మోసినాయన్ని మీ అబ్బాయిని తీసుకురాలేదేం అని అడిగాను. “వాణ్ణి ఈ దరిదాపులకి రానివ్వనమ్మా. చదువుకోవాలి” అన్నాడు. మా నాన్నా అదే మాట అన్నారు కాబట్టే నేను ఇక్కడ కూర్చుని ఈ సంపాదకీయం రాస్తున్నాను. పగలంతా గెల మోస్తే భుజం కాయ కాస్తుంది. ఒక్కపూట లెక్క రాస్తే జ్ఞాపకం అవుతుంది. ఆ తేడా మరిచిపోయి పల్లె బతుకు గొప్పదని పిల్లలకి పాఠాలు చెప్పడం తగదు. పని అంటే పిల్లల నెత్తిన బరువు పెట్టమని కాదు, ఆ పూట వాళ్ళు లేకపోతే కొంచెం ఇబ్బంది అయ్యేలా చూడమని.

2024 సెప్టెంబరు మొదటి తారీఖుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంత నీరు ఎన్నడూ రాలేదు. బుడమేరు బెజవాడని ముంచింది, కింద లంకలన్నీ మునిగాయి. మన సంఘం సభ్యులంతా ఆ వారం ఫోన్లకి అతుక్కుపోయాం. బాబాయి ఫోను దొరికేసరికి రెండు రోజులు పట్టింది. మనుషులు క్షేమం, తోట పోయిందన్నాడు. నేను మాట్లాడుతుంటే మా అమ్మాయి పక్కనే నిలబడి, “ఏ తోట? 212 తోటేనా?” అని అడిగింది. అదే తల్లీ అన్నాడు ఆయన. మళ్ళీ వేస్తావా అంది. “వెయ్యక ఏం చేస్తాం! మళ్ళీ లాభం దగ్గర్నుంచే” అన్నాడు.

మంగినపూడి బీచి ఎలా ఉందని అది అడగలేదు. భవానీ ద్వీపం మునిగిందా అనీ అడగలేదు. దాని భూగోళంలో తోట్లవల్లూరు అంటే ఇప్పుడు ఒక చిట్టా పుస్తకం.

అందుకని ఈసారి మన వేసవి వనభోజనాల సంగతి కొంచెం మారుస్తున్నాం. ఏటా మనం చేసేదేమిటి? పదిమంది పెద్దవాళ్ళు పొద్దున్నే వచ్చి బల్లలు వేసి, పన్నెండింటికి పిల్లల్ని పిలిచి, వాళ్ళకి విడిగా పిజ్జా తెప్పించి, ఆటల పోటీలు పెట్టి, బహుమతులిచ్చి పంపిస్తున్నాం. సాయంత్రం అలసిపోయేది మనం, విసుక్కునేది వాళ్ళు. ఈసారి ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల్ని మీతోపాటే ఉదయం తొమ్మిదింటికి తీసుకురండి. విస్తళ్ళు లెక్కపెట్టడం, మజ్జిగలో ఉప్పు సరిచూడటం, మామిడిపళ్ళ పెట్టెలు ఎన్ని వచ్చాయో రాయడం, ఊరినుంచి వచ్చిన అమ్మమ్మలకీ తాతయ్యలకీ కుర్చీలు నీడలోకి జరపడం, వాళ్ళు పార్కు కాపలాదారుతో ఏమన్నా చెప్పాలంటే దుబాసీగా నిలబడటం. ఇవన్నీ పిల్లలకే. తప్పులు చేస్తారు. మజ్జిగ ఒకసారి ఉప్పన అవుతుంది. తాగుదాం.

ఈ సంచికలో పెద్దల యాత్రా రచనలు ఎనిమిది ఉన్నాయి, అన్నీ బాగున్నాయి. కానీ ముందు పిల్లల పేజీలు తిప్పండి. అందులో ఎంతమంది కొండల గురించి రాశారో, ఎంతమంది దార్లో టైరు పంచరైతే నాన్నకి టార్చి పట్టుకున్నామని రాశారో మీరే చూడండి.

వనభోజనాలనాడు కలుద్దాం. లెక్క పుస్తకం నేను తెస్తాను. మొదటి పెట్టె దించగానే ఏమనాలో మీ పిల్లలకి ముందుగా చెప్పకండి, మా అమ్మాయి చెబుతుందట.

- సంపాదకురాలు