పిల్లలకు రంగులు కొనిస్తున్నారా?

మేనకోడలి పుట్టినరోజుకో, పక్కింటి బాబు పుట్టినరోజుకో రంగుల పెట్టె కొనివ్వాలనుకుంటున్నారా? మంచి ఆలోచనే. గీతలు గీసుకునే పిల్ల కాసేపు అమ్మ కొంగు వదిలి కుదురుగా కూర్చుంటుంది. వేళ్ళకు పట్టు వస్తుంది. రేపు అక్షరాలు దిద్దేటప్పుడు ఆ పట్టే పనికొస్తుంది. అయితే దుకాణంలో మనం చూసేదేమిటి? పెట్టెలో ఎన్ని రంగులున్నాయి, ధరెంత అని. వైద్యుణ్ణి అడిగితే ఆయన మొదట అడిగేది వేరు: ఆ పిల్లకి ఎన్నేళ్ళు? కనబడ్డ ప్రతి వస్తువూ ఇంకా నోట్లో పెట్టుకుంటోందా?

రెండు మూడేళ్ళ పిల్లలు దేన్నైనా పిడికిలితోనే పట్టుకుంటారు. సన్నని క్రేయాను వాళ్ళ చేతిలో పుటుక్కున విరుగుతుంది, ముక్క నోట్లోకి పోతుంది. బొటనవేలంత లావున్న క్రేయాన్లు ఆరు రంగులుంటే వాళ్ళకు చాలు. పెద్ద పెట్టె ఇస్తే ఇచ్చినవారి ముచ్చట తీరుతుంది, అంతే.

మూడేళ్ళ లోపువారికి పూసలు, అతికించే కళ్ళు, అయస్కాంతపు బిళ్ళలు ఉన్న పెట్టెలు అసలే వద్దు. మూడు సెంటీమీటర్ల లోపు వస్తువు ఏదైనా గొంతుకు అడ్డం పడవచ్చు. స్కెచ్ పెన్ను మూత చివర చిన్న కన్నం ఉంటుంది, గమనించారా? మూత పొరపాటున గొంతులో ఇరుక్కున్నా కొంత గాలి ఆడాలని పెట్టిన కన్నమది. కన్నం లేని మూతల పెన్నులు కొనకండి. పళ్ళ వాసన వచ్చే రబ్బర్లు, చాక్లెట్ వాసన వచ్చే పెన్నులు ఎవరి బుర్రలో పుట్టాయో కాని, వాసన చూపించి తినవద్దంటే పసివాళ్ళు వింటారా?

ఇక అసలు విషయం, సీసం. పెన్సిలు లోపలి నల్లని పుల్లను ‘లెడ్’ అంటారు కనుక అది కొరికితే విషమని చాలామంది తల్లులు భయపడతారు. అది సీసం కాదు, గ్రాఫైటు. కంగారు పడనక్కరలేదు. భయపడవలసినది పెన్సిలు పైన పూసిన నాసిరకపు రంగుకు. పేరూ ఊరూ లేకుండా పొట్లాల్లో, డబ్బాల్లో అమ్మే రంగులకు. నిగనిగలాడే పసుపు, నారింజ రంగుల కోసం సీసపు క్రోమేటు వాడే అలవాటు చాలా పాతది. మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పసివాళ్ళ ఒంటికి పడుతుంది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పోనీ పైకి ఏమైనా తెలుస్తుందా అంటే, చాలా సార్లు ఏమీ తెలియదు. పిల్లవాడు చదువులో వెనకబడతాడు, చిరాకు పడతాడు, కడుపునొప్పి అంటాడు, మలబద్ధకం వస్తుంది. మనం అల్లరి అనుకుంటాం, అజీర్తి అనుకుంటాం. రక్తపరీక్ష చేస్తే తప్ప బయటపడదు.

మట్టి, బలపాలు, గోడసున్నం తినే పిల్లల విషయంలో మరింత జాగ్రత్త పడాలి. ఇలాంటివారిలో తరచు ఇనుము తక్కువగా ఉంటుంది. ఇనుము తక్కువైన ఒంటికి సీసం మరింత ఎక్కువగా పడుతుంది. పైగా వాళ్ళు రంగుల్నీ కొరుకుతారు. అటువంటి పిల్లకి రంగులు కొనే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తిట్టి మాన్పించే అలవాటు కాదది.

మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. అంతకు ముందు గోడలకు, తలుపులకు వేయగా మిగిలిన డబ్బాలు అటక మీద ఉంటే, బొమ్మలకు వేసుకోమని పిల్లలకు ఇవ్వకండి. ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. రంగుల పెట్టె మీద కూడా ఆ గుర్తు కోసం వెతకండి. తయారు చేసినవారి పేరు, చిరునామా, ఏ వయసువారికన్నదీ లేని పెట్టెను అక్కడే వదిలి రండి.

అమెరికా నుంచి వచ్చే బంధువులు తెచ్చిన పెట్టెల మీద ‘ఎ.పి.’ అన్న గుండ్రని ముద్ర ఉంటే పిల్లలకు ఇవ్వవచ్చు. ‘సి.ఎల్.’ అని ఉంటే జాగ్రత్తలు అవసరమైన సరుకన్నమాట, పిల్లలకు కాదు. ‘డి-4236’ అన్న అంకె మాత్రమే ఉంటే విషం లేదని అర్థం కాదు. అవసరమైన హెచ్చరికలు ముద్రించారని మాత్రమే అర్థం. కనుక ఆ హెచ్చరికలు చదవాలి.

ఉబ్బసం ఉన్న పిల్లలకు రంగు సుద్దముక్కలు, పొడి రాలే పాస్టెళ్ళు వద్దు. మైనపు క్రేయాన్లు, నీటిరంగులు మేలు. ఘాటు వాసన వచ్చే మార్కర్లు ఏ పిల్లలకీ వద్దు.

కాస్త పెద్దవాళ్ళయి, బొమ్మలు బాగా వేస్తున్నారని మురిసిపోయి కొందరు తైలవర్ణాలు కొనిస్తారు. ఆ ట్యూబుల్లో కొన్నింటిలో సీసం, కాడ్మియం ఉంటాయి. కుంచెలు కడగడానికి టర్పెంటైన్ కావాలి. పదిహేనేళ్ళు దాటేదాకా పోస్టరు రంగులతో సరిపెట్టండి. ఏ రంగులైనా సరే, అన్నం తినే పళ్ళెంలో కలపనివ్వకండి. కుంచె మొనను పెదాలతో తడిపి సూది చేసే అలవాటు మాన్పించండి. లేచాక సబ్బుతో చేతులు కడిగించండి.

ఇంతా చేసినా పిల్లవాడు మంచిరకం క్రేయాను ముక్క తినేస్తే? నోరు తుడిచి మంచినీళ్ళు తాగించండి. మర్నాడు విరేచనం ఆ రంగులో అయితే బెంబేలెత్తకండి. దగ్గు, ఎగఊపిరి ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. టర్పెంటైన్ తాగితే సంగతి వేరు. వేలు పెట్టి గాని, ఉప్పునీళ్ళు పట్టి గాని వాంతి చేయించవద్దు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. 108కి ఫోను చేయండి. సీసాను కూడా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. ఆ సీసా కూల్‌డ్రింకుది కాకుండా ముందే చూసుకోండి. పిల్లలు టర్పెంటైన్, కిరసనాయిలు తాగేది ఎక్కువగా అటువంటి సీసాల్లోంచే.