ఘాటు జిగురుతో జాగ్రత్త!

పోయిన ఎండాకాలం మా వంటింటి అల్మారాకి సన్‌మైకా అతికించాం. కరణ్‌కోటలో లారీల దుమ్ముకి కిటికీలు మూసి ఉంచడం మాకు అలవాటు. ఆ రోజూ మూసే ఉన్నాయి. గంటసేపటికి నాకు తల దిమ్మెక్కింది. చల్లగా ఉందని తాండూరు బండ మీద పడుకుని ఆడుకుంటున్న మా చెల్లెలి పాపకైతే వాంతులే! వెంటనే ఆరుబయటికి ఎత్తుకెళ్లాం, తేరుకుంది.

జిగురును పలచగా ఉంచే ద్రావకం ఆవిరైతేనే ఆ ఘాటు వస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే ఉంటుంది. అందుకే పసిపిల్లలకి ముందు తగులుతుంది. వీటిలో మిథిలీన్ క్లోరైడ్ మరీ ప్రమాదం. ఒంట్లోకి వెళ్లి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వచ్చే విషవాయువే అది. ఇళ్లలో వాడే రంగు తీసే మందుల్లో దీన్ని అమెరికా 2019లో, జిగుర్లలో 2024లో నిషేధించింది. ఓజోన్ పొరకు చేటని కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రావకాన్ని మన దేశమూ 2010 నాటికి మాన్పించింది. మనం ఇప్పుడే అలవాటు మార్చుకుందాం.

* డబ్బా మీద ఏం రాశారో చదివి కొనండి.
* సన్‌మైకాకి నీళ్లతో చేసిన తెల్ల జిగురు అడగండి. రాత్రంతా బరువు పెట్టి ఉంచితే గట్టిగా పడుతుంది.
* ఘాటు జిగురు తప్పకపోతే కిటికీలన్నీ తెరవండి, పొయ్యి వెలిగించకండి. టోలీన్, హెక్సేన్ ఉంటే ఇట్టే అంటుకుంటాయి.
* వాసన పోయేదాకా పిల్లల్ని పక్కింటికి పంపండి.

పని ఒకరోజు ఆలస్యమైతే ఏంపోయింది, పిల్లలు క్షేమంగా ఉంటే చాలు కదమ్మా!